మిషన్ లీడర్లుగా మూడేళ్లు: ఇంట్లో ముగ్గురు పిల్లలు, బయట నూట ఎనభై మంది

మీరు అడిగింది మిగతావాళ్ల కోసం ముందు క్లుప్తంగా రాస్తాను. యూటాలో స్థిరపడ్డ తెలుగు కుటుంబం. భార్యాభర్తలిద్దరికీ కలిపి ఫిలిప్పీన్స్‌లోని సెబూలో మిషన్ లీడర్లుగా పిలుపు వచ్చింది. జులై 1న మొదలు, మూడేళ్లు. పెద్దమ్మాయికి 16, అబ్బాయికి 12, చిన్నపాపకి 7. అమ్మానాన్నలు రాజమండ్రిలో ఉంటారు. "నూట ఎనభై మంది కుర్రాళ్లని చూసుకుంటూ మా ముగ్గురినీ ఎలా పెంచాలి? పెద్దదాని చదువు సంగతేంటి? అది మా ఇల్లులా ఉంటుందా, హాస్టల్‌లా ఉంటుందా? మా అమ్మ ఎప్పుడు రావచ్చు?" ఇవీ మీ ప్రశ్నలు.

ఈ ఏర్పాటు తెలియనివాళ్లకి రెండు ముక్కలు. యేసు క్రీస్తు యొక్క కడవరి-దిన పరిశుద్ధుల సంఘాన్ని జనం మోర్మన్లు అంటారు (ఆ పేరు వాడొద్దని 2018 నుంచి సంఘమే గట్టిగా చెబుతోంది). ఈ సంఘానికి ప్రపంచమంతా కలిపి 450కి పైగా మిషన్లున్నాయి, అంటే మతప్రచార ప్రాంతాలు. ఒక్కో మిషన్ ఒక్కో దంపతుల చేతిలో ఉంటుంది. వాళ్ల కింద చాలాచోట్ల 100 నుంచి 250 మంది దాకా మిషనరీలు. అబ్బాయిలు 24 నెలలు, అమ్మాయిలు 18 నెలలు సేవ చేస్తారు. ఎక్కువమంది పద్దెనిమిది, ఇరవై ఏళ్ల మధ్య పిల్లలే, చాలామందికి ఇల్లు వదిలి ఉండటం అదే మొదలు. లీడర్లకి జీతం ఉండదు. ఇల్లు, కారు, తిండి, వైద్యం, పిల్లల బడి లాంటి ఖర్చులు సంఘం చూసుకుంటుంది.

అసలు మాట ముందే చెప్పేస్తాను. మిషనరీ కష్టం ఫోన్ మోగించుకుంటూ వస్తుంది. మీ పన్నెండేళ్లవాడి కష్టం మోగదు. కొత్త బడిలో ఎవరూ పక్కన కూర్చోనివ్వకపోతే, నాన్న ఖాళీగా ఉన్న రోజు చెబుదామని వాడు ఆగుతాడు, ఆ రోజు రాదు. "వీలు చూసుకుని పిల్లలతో గడుపుదాం" అనుకున్న ఇళ్లలో మూడేళ్లూ వీలు దొరకదు. ఇంటి సమయాన్ని మిషన్ పనులకంటే ముందే క్యాలెండర్లో రాసెయ్యాలి, అదీ జులై 1 లోపే.

అలా రాయడం సాధ్యమే, ఎందుకంటే మిషన్ పనికి ఒక లయ ఉంది. ట్రాన్స్‌ఫర్ చక్రం (మిషనరీల ఊళ్లు, జతలు మార్చే వ్యవధి) సాధారణంగా 6 వారాలు. మూడేళ్లంటే 156 వారాలు, అంటే 26 చక్రాలు. మిషన్‌ని బట్టి కొంచెం మారుతుంది గానీ నడక ఇంచుమించు ఇలా ఉంటుంది. మొదటి వారం కొత్తవాళ్ల రాక, పాతవాళ్ల పోక. రెండో వారం జోన్ లీడర్లు (కొన్ని జతల్ని కలిపి చూసుకునే మిషనరీలు), సిస్టర్ ట్రైనింగ్ లీడర్లతో (అమ్మాయి మిషనరీలని చూసుకునేవాళ్లు) సమావేశం. మూడు, నాలుగు వారాలు జోన్ కాన్ఫరెన్సులో, ఇంటర్వ్యూలో. ఐదో వారం కొంచెం ఊపిరి. ఆరో వారం ఎవరిని ఎక్కడికి, ఎవరితో జతగా పంపాలన్న తర్జనభర్జన. ఇందులో మొదటి వారం తేదీలు మీ చేతిలో లేవు. శిక్షణ కేంద్రం నుంచి కొత్తవాళ్లు బయల్దేరే రోజుని బట్టి అవి ముందే ఖాయమైపోతాయి. జోన్ కాన్ఫరెన్సులు, ఇంటర్వ్యూలు మాత్రం పూర్తిగా మీ చేతిలోవే. పిల్లల బడి క్యాలెండర్ రాగానే రెండూ పక్కపక్కన పెట్టండి. అబ్బాయి క్రీడా దినం నాలుగో వారంలో పడితే కాన్ఫరెన్సుని వేరే రోజుకి మార్చండి. పుట్టినరోజు ట్రాన్స్‌ఫర్ రోజునే పడితే ఆ ఏడు మరో రోజు చేద్దామని నెల ముందే వాడితో చెప్పండి. ముందు రోజు రాత్రి చెబితే అలుగుతాడు. ఐదో వారంలో రెండు పూర్తి రోజులు కుటుంబానికి అని రాసి, ఆ పేజీ అసిస్టెంట్లకి (మీకు సాయంగా ఉండే ఇద్దరు మిషనరీలకి) కూడా ఇవ్వండి. క్యాలెండర్లో ఖాళీగా కనిపించిన రోజుని వాళ్లు నింపేస్తారు. తప్పు వాళ్లది కాదు, వాళ్లకి ఇరవయ్యేళ్లు.

పని ఎంతుంటుందో లెక్క వేసుకోండి. 180 మందికి మూడు నెలలకోసారి తలా 12 నిమిషాల ఇంటర్వ్యూ అంటే 36 గంటలు, ప్రయాణం కాకుండా. ప్రతి మిషనరీ వారానికో ఉత్తరం రాస్తారు. ఒక్కోటి 2 నిమిషాల్లో చదివినా 6 గంటలు. ఆ ఉత్తరాలన్నీ సోమవారమే వచ్చి పడతాయి, ఎందుకంటే చాలాచోట్ల సోమవారమే వాళ్ల ప్రిపరేషన్ డే. బట్టలు ఉతుక్కోవడం, సరుకులు, ఇంటికి వీడియో కాల్, ఆటలు అన్నీ ఆ రోజే. కాలు మడతపడ్డ ఫోన్లు కూడా సోమవారం మధ్యాహ్నమే మోగుతాయి, బాస్కెట్‌బాల్ పుణ్యమా అని. కుటుంబ సాయంకాలం కూడా సోమవారమే కదా. సంఘం కుటుంబాల కోసం ఉంచిన ఆ ఒక్క సాయంత్రాన్నే, మిషన్ నడిపే కుటుంబం దగ్గర్నుంచి మిషన్ లాగేసుకుంటుంది.

దీనికి పనిచేసే ఉపాయం ఉత్తరాలని రెండు విడతలుగా చదవడం. సోమవారం సాయంత్రం 5 నుంచి 6 దాకా పైపైన చూసి, ప్రమాదం సూచించేవి మాత్రం పక్కకి తియ్యాలి: ఒంట్లో బాగోలేదు, నిద్ర పట్టట్లేదు, ఇంటికెళ్లిపోతాను, కంపానియన్‌తో (జతగా ఉండే మిషనరీతో) మాటల్లేవు. మిగతావన్నీ మంగళవారం పొద్దున పిల్లలు బడికెళ్లాక. ప్రతి ఉత్తరానికీ జవాబు రాయాలన్న పట్టుదల మొదటి నెలలోనే వదిలేయండి. జోన్‌కి ఇద్దరు ముగ్గురి చొప్పున వంతులవారీగా రాస్తే చక్రం తిరిగేసరికి అందరికీ అందుతుంది.

ఫోన్ విషయం ఇంకా కఠినంగా ఉండాలి. మిషనరీలు సాధారణంగా పదిన్నరకి పడుకుంటారు. దానికి ముందు గంటసేపు ఆ రోజు సంగతులు జతల నుంచి డిస్ట్రిక్ట్ లీడర్‌కి, అక్కణ్నుంచి జోన్ లీడర్‌కి చేరుతుంటాయి. చిక్కు సమస్యలు మీ దాకా వచ్చేది కూడా ఆ గంటలోనే. సరిగ్గా మీ పదహారేళ్ల అమ్మాయి మనసు విప్పి మాట్లాడే వేళ అది. నేరుగా మీకే ఫోన్ చెయ్యాల్సిన సందర్భాలేవో మొదటి జోన్ కాన్ఫరెన్సులోనే చదివి వినిపించండి: ఆస్పత్రి, పోలీసులు, కంపానియన్ కనిపించకపోవడం, ఎవరైనా ఒంటిమీద చెయ్యి వెయ్యడం, ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన, మరణం. వీటికి అర్ధరాత్రైనా సరే. ఇంటి తాళం పోయింది, ఫ్యాన్ తిరగట్లేదు లాంటివి ఆఫీసులో ఉండే సీనియర్ దంపతులకి (వయసుమళ్లిన మిషనరీ జంటకి). కంపానియన్ గురకపెడుతున్నాడన్నది డిస్ట్రిక్ట్ లీడర్‌కి. మిషన్ ఫోన్, ఇంటి ఫోన్ వేరువేరు పెట్టుకోండి. సాయంత్రం ఆరున్నర నుంచి ఎనిమిది దాకా మిషన్ ఫోన్ గుమ్మం పక్కన బుట్టలో ఉంటుంది. నిజమైన ఆపదైతే అసిస్టెంట్లు ఇంటి ఫోన్‌కి చేస్తారు. ఆ నంబరు వాళ్లిద్దరికీ, మిషన్ నడపడంలో మీ వారికి తోడుండే ఇద్దరు కౌన్సెలర్లకీ తప్ప ఎవరికీ ఇవ్వొద్దు.

ముఖ్యంగా మిషనరీల తల్లిదండ్రులకి ఇవ్వొద్దు. 2019 ఫిబ్రవరి నుంచి మిషనరీలు వారానికోసారి ఇంటికి ఫోన్ చేసుకోవచ్చు. అంతకుముందు ఏడాదికి రెండుసార్లే, క్రిస్మస్‌కీ అమ్మల రోజుకీ. మార్పు మంచిదే. కానీ ఇప్పుడు ప్రతి చిన్న కలతా వారంలోపే అమ్మకి తెలిసిపోతుంది, ఆవిడ నుంచి మీకు. సెబూ సమయం యూటాకంటే వేసవిలో 14 గంటలు, చలికాలంలో 15 గంటలు ముందుంటుంది. అక్కడ సోమవారం పొద్దున పదింటికి ఓ తల్లి ఆందోళనగా ఫోన్ తీస్తే మీకు అర్ధరాత్రి. ఆఫీసు ఈమెయిల్ ఇచ్చి, ఒక రోజులో జవాబు వస్తుందని చెప్పి, ఆ మాట నిలబెట్టుకోండి. జవాబు సమయానికి వస్తుందని నమ్మకం కలిగితే వాట్సాప్ నంబరు కోసం ఎవరూ వెతకరు.

మీ మీద పడేది మీ వారి మీద పడేదానికంటే తక్కువేం కాదు. మిషనరీల ఆరోగ్యం ఎక్కువ మిషన్లలో భార్య బాధ్యతగానే నడుస్తుంది, నర్సు మిషనరీ ఉంటే ఆవిడతో కలిసి. సెబూలో వానాకాలమంటే డెంగీ, కడుపు జబ్బులు. జ్వరం రెండో రోజు దాటితే రక్తపరీక్ష అన్న నియమం రాసి ప్రతి గది గోడకీ అంటించండి. లేకపోతే అదే ప్రశ్నకి రోజూ పదిసార్లు జవాబు చెబుతారు. మనసు బాగోలేనివాళ్ల కోసం ఏరియా (చాలా మిషన్లు కలిసిన పరిధి) స్థాయిలో మానసిక ఆరోగ్య సలహాదారు ఉంటారు. పరిస్థితి ముదిరాక కాకుండా అనుమానం తగలగానే వాళ్లని కలపండి. మిషనరీలకిచ్చే చిన్న పుస్తకంలో ఒత్తిడిని నాలుగు రంగుల్లో కొలుస్తారు: ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు. ఆ కాగితం మీ వంటింట్లో కూడా పెట్టండి. "ఎలా ఉన్నావ్?" అంటే "బానే ఉన్నా" అనే పన్నెండేళ్లవాడు "ఏ రంగు?" అంటే "నారింజ" అంటాడు.

ఇంకో బరువు గురించి ఎవరూ ముందుగా చెప్పరు. మీ వారు ఇంటర్వ్యూల్లో విన్నది మీకు చెప్పకూడదు. తప్పు ఒప్పుకున్నవాడి మాట ఆయన దగ్గరే ఆగిపోవాలి. అన్నీ చెప్పుకుని అలవాటైన భార్యాభర్తలకి ఇది చాలా విడ్డూరంగా ఉంటుంది. ఆయన ముఖం మాడ్చుకుని వస్తారు, కారణం అడగలేరు. అడిగితే అబద్ధమైనా చెప్పాలి, మౌనమైనా పాటించాలి. అందుకే ఇద్దరి మధ్యా ఓ మాట ఖాయం చేసుకోండి. "ఇవాళ ఒకటుంది, చెప్పలేనిది" అని ఆయన అంటే చాలు. ముఖం మాడింది మీ మీద కోపంతో కాదని మీకు అర్థమవుతుంది. పిల్లలకి కూడా అదే మాట నేర్పండి. ఇక మీకు చెప్పగలిగిన సంగతులు కూడా కారులో, భోజనాల దగ్గర పేర్లతో మాట్లాడొద్దు. వెనక సీట్లో చెవులుంటాయి. ట్రాన్స్‌ఫర్ బోర్డు ఇంట్లో అసలే వద్దు. ఫలానా ఎల్డర్ (అబ్బాయి మిషనరీ) ఏ దీవికి వెళ్తున్నాడో మీ చిన్నపాపకి తెలిసిందంటే, ఆదివారం చర్చిలో దాన్ని చాక్లెట్ ఇచ్చి అడిగేవాళ్లుంటారు.

ఇక ఇల్లు. మిషన్ హోమ్ పేరుకే ఇల్లు. ఆరు వారాలకోసారి అది సత్రం అవుతుంది. చేరగానే ఇంటిని రెండు భాగాలు చేసేయండి. ఒక అంతస్తు కుటుంబానిది, మెట్ల దగ్గర తలుపు, దానికి గడియ. కింది హాలు, అతిథి గదులు, పెద్ద వంటిల్లు మిషన్‌వి. పిల్లల పడకగదుల్ని ఒక్క రాత్రి కోసమైనా మిషనరీలకి ఇవ్వొద్దు. మంచాలు చాలకపోతే అబ్బాయిల్ని బయట బస చేయించండి, సిస్టర్లు ఇంట్లో ఉంటారు. తన మంచం మీద ఎవరో పడుకుని వెళ్లారన్న చికాకుని ఏడేళ్ల పిల్ల చాలా కాలం గుర్తుపెట్టుకుంటుంది.

కొత్తవాళ్లొచ్చే రాత్రి లెక్క చెబుతాను, మొదటిసారి అందరూ తప్పేది ఇక్కడే. 16 మంది కొత్తవాళ్లు, ఇద్దరు అసిస్టెంట్లు, ఆఫీసు దంపతులు, మీరు ఐదుగురు: మొత్తం 25. బియ్యం మనిషికి 140 గ్రాముల చొప్పున మూడున్నర కిలోలు, ఎముకతో కోడిమాంసం 6 కిలోలు, కూర ఏదైనా 3 కిలోలు. సగం మంది ఫిలిపినోలే ఉంటారు కాబట్టి అన్నం మిగలదు. కారం చాలా తక్కువ వెయ్యండి, మన అలవాటు అక్కడ పనికిరాదు. కావాలంటే పచ్చిమిర్చి, కాలమాన్సి (అక్కడి చిన్న నిమ్మ) పిండిన సోయా సాస్ పక్కన పెట్టండి. దూరం నుంచి వచ్చినవాళ్లు మొదటి రాత్రి ప్రయాణ బడలికతో సరిగ్గా తినరు, మర్నాడు పొద్దున రెట్టింపు తింటారు. గుడ్లు తలా మూడు లెక్కేసి ఆరున్నర డజన్లు ఉంచండి. తువ్వాళ్లు 20, దుప్పట్లు 20 విడిగా ఉండాలి. 8 కిలోల వాషింగ్ మెషిన్‌లో 16 మంది పక్కబట్టలకి ఐదారు వాయిలు పడతాయి, వానల్లో ఆరవు. వాటిని లాండ్రీకి వేసేయడం మంచిది. ఆ రోజు మీరు ఉతుకుతూ కూర్చుంటే పిల్లల హోమ్‌వర్క్ ఎవరూ చూడరు. వేడినీళ్లు పదహారు మందికి సరిపోవు, సగం మంది రాత్రి, సగం మంది పొద్దున స్నానం చెయ్యాలని ముందే చెప్పండి.

ఫ్రిజ్‌లో ఒక అర మీ పిల్లలది. దాని మీద వాళ్ల పేర్లు పెద్ద అక్షరాల్లో రాయించండి, వాళ్ల చేతే. ట్రాన్స్‌ఫర్ వారంలో బడికి తీసుకెళ్లాల్సిన డబ్బాలోది ఎవరో ఎల్డర్ అమాయకంగా తినేస్తే, పొద్దున ఏడింటికి వచ్చే ఏడుపు ఆ డబ్బా గురించి కాదు.

మిషనరీలకీ మీ పిల్లలకీ మధ్య గీతలు మొదటి వారమే గియ్యాలి. పిల్లలు వాళ్లని ఎల్డర్ ఫలానా, సిస్టర్ ఫలానా అనే పిలవాలి. మనవాళ్లకి అన్నా, అక్కా అనాలనిపిస్తుంది, ఆపండి. (ఎల్డర్ అంటే పెద్ద. మీసం సరిగ్గా రానివాడిని పెద్ద అని పిలవడం మీ అబ్బాయికి కొన్నాళ్లు నవ్వొస్తుంది.) ఏ మిషనరీ అయినా ఏ పిల్లతోనూ ఒంటరిగా ఉండకూడదు, కంపానియన్ పక్కనున్నా పిల్లల్ని చూసుకునే పని వాళ్లకి అప్పగించకూడదు. లెక్కలు చెప్పించడం, బడి నుంచి తెప్పించడం కూడా అంతే. సంఘం నియమం అదే, మంచి నియమం. పెద్దమ్మాయి విషయంలో ఇంకొంచెం జాగ్రత్త కావాలి. ఆమెకి 16, వాళ్లకి 18, 19. ఎవరి తప్పూ లేకుండానే నూట ఎనభై మందిలో పుకారు పుడుతుంది. సేవలో ఉన్న మిషనరీలతో సోషల్ మీడియాలో స్నేహం వద్దు, ఫోన్ నంబర్లు వద్దు, రాత్రి భోజనాల తర్వాత హాల్లో కబుర్లు వద్దు. ఇవి ఆమెకి శిక్షలా వినపడకుండా చెప్పాలంటే, మిషనరీలకి మీరు చెప్పే మాటలే ఆమె ఎదుట చెప్పండి. ఆమెకి మిషన్ బయట స్నేహితులు దొరకడమే అసలు మందు. దానికి వార్డు (మీ పేటలోని సభ్యులంతా ఆదివారం కలిసే స్థానిక సమాజం) కావాలి.

ఆదివారాలు మీ వారు ఒక్కో వారం ఒక్కో ఊరి బ్రాంచికి (చిన్న వార్డు లాంటిది) వెళ్లాల్సి వస్తుంది. మొదట్లో కుటుంబమంతా వెంట వెళ్తుంది, బాగానే ఉంటుంది. మూడు నెలలకి పిల్లలు ఏ వార్డుకీ చెందని అతిథులైపోతారు, ప్రతి ఆదివారం ముందు వరసలో కూర్చుని పరిచయం చేయించుకునేవాళ్లు. నెలలో మూడు ఆదివారాలు పిల్లలు మీ ఇంటి వార్డులోనే ఉండాలి, వాటిలో కనీసం రెండింటికి మీరు పక్కన ఉండాలి. అబ్బాయి పన్నెండేళ్లవాడు కాబట్టి డీకన్‌గా (ఆ వయసు అబ్బాయిలకిచ్చే సేవ) ఆరాధనలో సంస్కారం, అంటే రొట్టె, నీళ్లు, అందించే వంతు వాడికి వస్తుంది, ఆ వంతు తప్పించొద్దు. మీ సభ్యత్వ రికార్డులు వెళ్లిన వారంలోనే ఆ వార్డుకి మార్పించండి.

చిన్నపాపకి ఎనిమిదేళ్లు అక్కడే నిండుతాయి, అంటే బాప్తిస్మం అక్కడే. ఇంటర్వ్యూ వార్డు బిషప్ చేస్తారు. ఇక్కడ జరిగే పొరపాటు ఒకటుంది. మిషన్ లీడర్ కూతురి బాప్తిస్మం అనగానే నలభై మంది మిషనరీలు వస్తామంటారు, తమ దగ్గర పాఠాలు వింటున్నవాళ్లని కూడా తెస్తామంటారు, కార్యక్రమం కాస్తా మిషన్ సభ అయిపోతుంది. పాపకి గుర్తుండేది జనమే. పిలవాల్సింది వార్డు ప్రైమరీ (పిల్లల తరగతి) పిల్లలు, వాళ్ల టీచరు, పక్కింటివాళ్లు, రాజమండ్రివాళ్లు వీడియోలో. అసిస్టెంట్లు ఇద్దరూ చాలు. మిగతావాళ్లకి సున్నితంగా వద్దనండి.

చదువు. పెద్దమ్మాయి వయసు మీకు కలిసొచ్చింది. ఆగస్టులో పదకొండో తరగతిలో చేరితే రెండేళ్ల ఐబీ డిప్లొమా (అంతర్జాతీయ పాఠ్యక్రమం) మొదటి నుంచీ పూర్తవుతుంది. అదే ఇంకో ఏడాది పెద్దదైతే పన్నెండులో ఐబీ మధ్యలో చేరడం కుదరదు, యూటాలో బంధువుల ఇంట్లో ఉంచి చదివించడమే నయం అనేదాన్ని. అమెరికన్ పాఠ్యక్రమమే కావాలంటే ఇప్పటి బడి కౌన్సెలర్‌తో కూర్చోండి. యూటాలో పట్టాకి కావల్సిన 24 క్రెడిట్లలో ఎన్ని అయ్యాయో, మిగతావి ఏ ఆన్‌లైన్ కోర్సులతో తీరతాయో రాయించుకుని సంతకం తీసుకోండి. మాట మీద నమ్మితే కౌన్సెలర్ మారిపోతారు, రెండేళ్ల తర్వాత ఒక్క క్రెడిట్ దగ్గర పట్టా ఆగుతుంది. సెమినరీ (హైస్కూలు పిల్లలకి సంఘం నడిపే లేఖనాల తరగతి) యూటాలోలా బడి వేళల్లో ఉండదు, తెల్లవారుజామునో సాయంత్రమో ఉంటుంది. ఆమె రోజు ఐదున్నరకి మొదలైతే రాత్రి పదింటికి మిషనరీల విందు సందడి ఆమె గది కింద ఉండకూడదు.

రెండేళ్ల తర్వాత ఆమె కాలేజీకో, సొంత మిషన్‌కో వెళ్లిపోతుంది, మీకు ఇంకో ఏడాది మిగులుతుంది. అప్పుడు ఆమెకి ఇల్లు ఎక్కడ? థ్యాంక్స్‌గివింగ్‌కి ఎవరింటికి వెళ్తుంది, జ్వరమొస్తే ఎవరు వస్తారు, సామాను ఎక్కడ పెడుతుంది? ఈ మూడింటికీ ఒక్క మనిషి పేరు బయల్దేరేముందే ఖాయమవ్వాలి. "అందరూ ఉన్నారుగా" అంటే ఎవరూ లేరని.

కాగితాల పని త్వరగా చెబుతాను. అమెరికాలో 16 ఏళ్లలోపు తీసుకున్న పాస్‌పోర్టుకి గడువు ఐదేళ్లే, కాబట్టి చిన్నవాళ్లిద్దరివీ ఇప్పుడే కొత్తవి చేయించండి. మీ ఇద్దరిలో ఎవరికైనా ఇంకా గ్రీన్‌కార్డే అయితే అది పెద్ద పని. దేశంలో ఉండగానే ఐ-131 ఫారంతో రీఎంట్రీ పర్మిట్‌కి పెట్టి వేలిముద్రలు ఇచ్చాకే కదలాలి. అది రెండేళ్లకే వస్తుంది, మీ సేవ మూడేళ్లు. పౌరసత్వం కోసం లెక్కపెట్టే నివాసం తెగిపోకుండా, మత సేవ మీద వెళ్లేవాళ్లకి ఎన్-470 అనే ఫారం ఉంది. భార్యాభర్తలిద్దరికీ ఎలా వర్తిస్తుందో ఇమ్మిగ్రేషన్ లాయరుతో ఒక గంట కూర్చుని తేల్చుకోండి. ఇల్లు అద్దెకిచ్చి వెళ్తుంటే ఇది గుర్తుంచుకోండి: అమ్మినప్పుడు లాభం మీద పన్ను మినహాయింపు రావాలంటే అమ్మకానికి ముందు ఐదేళ్లలో రెండేళ్లు అందులో కాపురం ఉండాలి. మూడేళ్లు అద్దెకిచ్చి వచ్చి అమ్మితే సరిగ్గా గడువు అంచున పడతారు, నెల ఆలస్యమైనా దాటిపోతుంది. అబ్బాయికి పళ్ల క్లిప్పులుంటే వీలైతే వెళ్లేలోపే తీయించండి, లేదా ఎక్స్‌రేలు, చికిత్స వివరాలు తీసుకెళ్లండి.

సెబూ కాబట్టి తుఫాను, భూకంపం. 2021 డిసెంబరులో ఒడెట్ తుఫానుకి కొన్నిచోట్ల కరెంటు, నీళ్లు వారాల తరబడి లేవు. 2025 సెప్టెంబరు 30న దీవి ఉత్తరాన 6.9 తీవ్రతతో భూకంపం వచ్చింది. అలాంటి రాత్రి మీ ఇద్దరి ధ్యాసా 180 పేర్ల జాబితా మీదే ఉంటుంది. ఒక్కో జత క్షేమమని టిక్ పడేదాకా ఆగదు. అందుకే ఇంటి ఏర్పాటు ముందే జరిగిపోవాలి. మనిషికి రోజుకి 4 లీటర్ల చొప్పున ఐదుగురికి రెండు వారాలకి 280 లీటర్లు, అంటే 20 లీటర్ల క్యాన్లు 14. ఫ్రిజ్, రెండు ఫ్యాన్లు, ఫోన్ ఛార్జర్లు నడిచేంత జనరేటర్, దాన్ని నెలకోసారి పది నిమిషాలు నడిపి చూడాలి, నడపనిది అవసరానికి స్టార్ట్ కాదు. ఆ రాత్రి పిల్లల పక్కన ఎవరుండాలన్నది ముందే తేల్చుకోండి. జాబితా ఒకరిది, పిల్లలు ఒకరివి. ఇద్దరూ జాబితా పట్టుకుంటే చీకట్లో చిన్నపాపని పదహారేళ్ల పిల్ల ఓదారుస్తూ కూర్చుంటుంది.

మీ ఇద్దరికీ వారానికి గంటన్నర కావాలి, మంగళవారం పొద్దున నడక అనుకోండి. మొదటి అరగంట మిషన్ మాటలే వస్తాయి, అరికట్టలేరు. అందుకే గంట చాలదు, గంటన్నర అన్నాను.

ముగింపు కూడా ఆరంభమంత హఠాత్తుగా వస్తుంది. కొత్త దంపతులు దిగిన కొద్ది గంటల్లోనో, ఒకటి రెండు రోజుల్లోనో మీరు తాళాలిచ్చి విమానం ఎక్కుతారు. అప్పటికి పదేళ్లు నిండిన చిన్నపాపకి ఆ ఇల్లే ఇల్లు. చివరి ట్రాన్స్‌ఫర్ చక్రంలో మిషనరీలు మీకు వీడ్కోలు సభలు పెడుతూనే ఉంటారు, పిల్లలకి, వాళ్ల స్నేహితులకి మాత్రం ఎవరూ పెట్టరు. మే నెలలోనే పిల్లల తరఫున ఒకటి పెట్టేయండి. యూటాలో దిగాక మీ వారికి ఫోన్ మోగని రాత్రులు వింతగా ఉంటాయి. ఉద్యోగం వెతుక్కునే ముందు ఆరు వారాలకి సరిపడా డబ్బు పక్కనపెట్టుకుంటే ఆ వింతకి అలవాటుపడే వ్యవధి దొరుకుతుంది.

చివరిగా అమ్మగారి సంగతి. జీతం లేకుండా మూడేళ్లు ఎందుకు వెళ్తున్నారని రాజమండ్రిలో చుట్టాలడిగితే ఆవిడ దగ్గర ఓ జవాబు ఉండాలి. మనవాళ్లలో ఇది కొత్తేమీ కాదు. సమోవాలో ఉద్యోగం చేస్తున్న ఎడ్విన్, ఎల్సీ ధర్మరాజు దంపతులు 1978లో మిషనరీలుగా హైదరాబాదు వచ్చారు, ఆ డిసెంబరులో బంధువులు 22 మంది బాప్తిస్మం తీసుకున్నారు. భారతదేశంలో మొదటి స్టేక్ (కొన్ని వార్డులు కలిసిన విభాగం) ఏర్పడింది కూడా హైదరాబాదులోనే, 2012లో. సెబూ మనకంటే రెండున్నర గంటలే ముందు. మీ రాత్రి ఏడంటే ఆవిడకి సాయంత్రం నాలుగున్నర. యూటా నుంచి కంటే ఎక్కువే మాట్లాడుకుంటారు. మిషన్ హద్దు దాటి మీరు ఇండియా రావాలంటే మాత్రం ఏరియా ప్రెసిడెన్సీ, అంటే ఆ ఏరియా పెద్దల అనుమతి కావాలి. పెద్దవాళ్ల ఆరోగ్యం అంతంతమాత్రంగా ఉంటే ఆ సంగతి చేరగానే చెప్పి ఉంచండి, అవసరమొచ్చిన రాత్రి మొదటి నుంచి వివరించక్కర్లేకుండా. వాళ్లు రావడానికి మొదటి మూడు నెలలు వద్దు, డిసెంబరు వద్దు. ఫిబ్రవరి, మార్చి మంచివి, తుఫానుల రోజులు కావు. టికెట్టు రెండో వారంలో దిగేలా తీసి ఐదో వారం దాకా ఉంచితే ఒక్క ట్రాన్స్‌ఫర్ హడావిడి కూడా వాళ్ల నెత్తిన పడదు. కాఫీ మాత్రం ముందే మాట్లాడుకోండి, సంఘంలో అది తాగరు కదా. మిషన్ హోమ్‌లో పొద్దున్నే ఫిల్టర్ వాసన వస్తే పై అంతస్తులో అమ్మమ్మ ఉందని కిందికి వచ్చిన మిషనరీలందరికీ తెలిసిపోతుంది. పక్క వీధిలో మంచి కాఫీ దుకాణం ఎక్కడుందో నాన్నగారికి చూపించి పెట్టండి, పొద్దున నడక పేరుతో ఇద్దరూ వెళ్లొస్తారు.